ఇంటి చూపులు

ఖిదిర్‌పూర్, కలకత్తా
జూన్ రెండో ఆదివారం, ఆరాధన అయ్యాక

ప్రభువునందు ప్రియ చెల్లెలు యూనిస్‌కు అన్న సత్యానందం వందనములు.

ఒక్క ప్రశ్న అడుగుతాను, తప్పించుకోకుండా జవాబు చెప్పు. అద్దెకు తెచ్చిన సోఫాలో దేవుడు కూర్చుంటాడా?

నవ్వకు. ఇల్లు అమ్మాలంటే ముందు ఇంటికి వేషం కట్టాలంటున్నాడు మా బ్రోకరు. దానికి వేరే పనివాళ్ళున్నారట, హోమ్ స్టేజర్లని అంటారట. వాళ్ళొచ్చి మన మంచాలు, బీరువా, ఫోటోలు ఎత్తి గోడౌనులో పడేస్తారు. అద్దె సోఫా, అద్దె దీపాలు, అద్దె పూలకుండీలు తెచ్చి పెడతారు. ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ తుమ్మలేదు, దగ్గలేదు, ఏడవలేదు అన్నట్టు తయారు చేస్తారు. కొనేవాళ్ళు వచ్చి మురిసిపోతారు. బేరం కుదిరాక సోఫా లారీ ఎక్కి వెళ్ళిపోతుంది. పెళ్ళిచూపులకి పక్కింటి పిల్ల గాజులు అడిగి వేసుకున్నట్టు, ఇంటికి చూపులన్నమాట. సున్నం కొట్టిన సమాధులని ప్రభువు ఏ వేషధారుల్ని పట్టుకు తిట్టాడో నీకు నేను చెప్పాలా?

ఫిబ్రవరి నుంచి ఇల్లు అమ్మకానికి పెట్టానని నీకు తెలుసు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే గుమ్మంలో ఆగిపోతున్నారు. ముందు గదిలో ఆదివారం ప్రార్థన కూడిక కుర్చీలు ఒకదానిమీద ఒకటి, పక్కన హార్మోనియం, డోలక్, ఎదురుగోడ నిండా ఈ చేత్తో రాసిన వాక్యం. నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము. గార్డెన్ రీచ్ యార్డులో ఓడల ఒంటిమీద పేర్లు రాసి రిటైరైనవాణ్ణి, నాకు చిన్న అక్షరాలు రావు. ఓడకు వేసే ఎర్ర రంగుతో, మూరెడు ఎత్తున రాశాను. ఒక బెంగాలీ బాబు అది చూసి, దాదా, ఇది గుడా, ఇల్లా అని అడిగాడు. రెండూనయ్యా అన్నాను. మళ్ళీ రాలేదు.

మీ వదిన సంగతి. రమాకుమారికి ఇప్పుడు చదవడం పోయింది. అయినా పొద్దున్న లేవగానే ఆ గోడ దగ్గరకే వెళ్తుంది. మొదటి అక్షరం మీద చెయ్యి వేసి, గోడవారగా తడుముకుంటూ చివరిదాకా నడుస్తుంది. చివర ఆగి, నా వైపు తిరిగి, "ఏవండీ, టీ పెట్టనా?" అంటుంది. పెట్టేది నేనే అనుకో. ఆ మాట అందంటే ఆ పూటకి ఆమె ఇల్లు చేరినట్టు.

ఊరు మారాలంటే ఆలస్యం చేయవద్దన్నాడు డాక్టరు. ఆమె మిమ్మల్ని గుర్తుపడుతుండగానే మార్చండి, చెయ్యి పట్టుకున్న మనిషి తెలిసినవాడైతే తెలియని ఇల్లు కూడా అలవాటవుతుందన్నాడు. నా ఆత్రమంతా అదే. పిల్లాజెల్లా లేనివాళ్ళం, ఆమెకు నేను, నాకు ఆమె. నేను ఎవరో తెలిసి ఉండగానే ఆమెను విశాఖపట్నం తీసుకురావాలి.

మరి ఊరికే వచ్చేయవచ్చుగా అంటావు. చెల్లెలి పంచన చేతులూపుకుంటూ వచ్చి పడే మనిషిని కాను. ఇల్లు అమ్మి, మీ వీధిలోనే రెండు గదులు కొని, తలెత్తుకుని వస్తాను.

ఇవన్నీ ఫోనులో చెప్పుకోలేం. నీ చెవి మిషను కీచుమంటుంది, నేను అరవాలి. నేను అరిస్తే మీ వదిన వంటింట్లోంచి వచ్చి, "ఎవులిల్లండీ అమ్మేస్తన్నారు? పాపం" అంటుంది. అందుకే కాగితం.

నీ అన్న,
సత్యానందం


అల్లిపురం, విశాఖపట్నం
జూన్ 19

అన్నయ్యకు వందనాలు.

ప్రభువు పుట్టి పడుకున్న తొట్టి ఆయనది కాదు. ఊరేగిన గాడిద ఆయనది కాదు. ఆఖరికి పెట్టిన సమాధి కూడా మరొకడిది. అద్దె సోఫాకి ఆయనకేమీ అభ్యంతరం ఉండదు, నీకే ఉంది. నీ ప్రశ్నకు జవాబు అయిపోయింది.

ఇక పనికొచ్చే మాట. మా పై వాటాలో అరుంధతి గారున్నారు, ఆయన బ్యాంకు ఆఫీసరు. బదిలీల్లో కలకత్తాలో ఉన్న ఫ్లాటు కిందటేడు ఇలాంటి మనిషిని పెట్టుకునే అమ్మారు. వెళ్ళి కూర్చుని అన్నీ అడిగి తెలుసుకున్నాను. ఫోటోలు చూసి మోసపోవద్దన్నారు. వాళ్ళు సర్దిన ఇల్లు ఒకటి ఇప్పుడు అమ్మకానికి ఉంటే వెళ్ళి కళ్ళతో చూడాలట. ఆ ఇంటి యజమానితో, స్టేజరు పక్కన లేకుండా, మాట్లాడాలట. మన సామాను ఎక్కడ పెడతారు, తాళం ఎవరి దగ్గర, ఏది కదుపుతారు, ఏది కదపరు, ఇవి మొదలెట్టక ముందే తేల్చుకోవాలి. ఇల్లు చూడగానే ఇది చేస్తా, అది చేస్తా అనేవాళ్ళకంటే, మీరు ఇక్కడ ఎలా బతుకుతున్నారు అని అడిగేవాళ్ళు మేలట.

అరుంధతి గారు చెప్పని ప్రశ్న ఒకటి నాది. ముప్ఫై ఏళ్ళు ఆస్పత్రిలో నర్సుగా చేసినదాన్ని గనక చెప్తున్నాను. ఇంట్లో మతి తప్పుతున్న మనిషి ఉంది, ఆమె ఉండగా ఈ పని ఎలా చేస్తారు? ముగ్గుర్ని పిలు, నలుగుర్ని పిలు, ఈ ప్రశ్న అడుగు. దీనికి సరైన జవాబు చెప్పినవాళ్ళనే పెట్టుకో.

లేదా వదినను ముందు నా దగ్గర ఉంచు. నేనే వచ్చి తీసుకెళ్తాను. నీ గొప్పకి అడ్డం అనిపిస్తే నువ్వు తర్వాతే రా, తలెత్తుకునే రా.

యూనిస్


ఖిదిర్‌పూర్
జూలై మొదటి ఆదివారం

ప్రియ చెల్లెలికి వందనములు. స్తోత్రం చెప్పు, మనిషి కుదిరాడు.

ముగ్గురు వచ్చారు. మొదటివాడు పెద్ద కంపెనీ తరఫున వచ్చాడు, చేతిలో పలక లాంటి ఫోను. దాంట్లో మా ముందు గదినే వేరే గదిగా మార్చి చూపించాడు. గుమ్మం ఎదురుగా ఇత్తడి బుద్ధుడి తల పెడితే ఇంటికి ప్రశాంతత వస్తుందన్నాడు. బాబూ, బతికి ఉన్న దేవుడి మాటే గోడమీద ఉంటే రాని ప్రశాంతత, తెగిన తలకాయతో వస్తుందా అన్నాను. వాడు దాన్ని ఇంగ్లీషులో రాసుకున్నాడు. ఏమని రాసుకున్నాడో.

రెండోది వసుధ అనే హైదరాబాదు పిల్ల, సాల్ట్ లేక్‌లో ఉంటుంది. చెప్పులు విప్పి లోపలికొచ్చింది. ముందు గది చూడనే లేదు. నేరుగా వంటింట్లోకి పోయి మీ వదిన పక్కన కూర్చుంది. మీ వదిన చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది, తీసినవీ తీయనివీ ఒకే గిన్నెలో వేస్తోంది. ఆ పిల్ల కూడా అదే గిన్నెలో వేస్తూ కలిసి తీసింది. తర్వాత నా దగ్గరకొచ్చి, "అంకుల్, ఆంటీ ఇంట్ల ఉండంగ నేను ఈ ఇల్లు ముట్టుకోను. ఆమెను ముందు మీ చెల్లె దగ్గరికి తోలియ్యండి. అక్కడ కుదురుకున్నంక నన్ను పిలవండి, మంచిగ చేసిస్త" అంది.

నాకు ఎక్కడో కాలింది. నా భార్యను నా ఇంట్లోంచి పంపించమనడానికి నువ్వెవరమ్మా అన్నాను. సారీ అంకుల్ అని, నంబరు రాసిచ్చి వెళ్ళిపోయింది. పనికి పిలిస్తే పని వద్దనే మనిషిని ఇప్పుడే చూశాను.

మూడోవాడు ఎడ్విన్. టికియాపారా రైల్వే క్వార్టర్సులో పుట్టి పెరిగిన మన పిల్లవాడు. గుమ్మంలోనే, వందనాలు అంకుల్ అన్నాడు. తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. గోడ చూసి, ఏం రాసుందని అడిగాడు. చదివి చెప్తే తల దించి ఆమెన్ అన్నాడు. బెంగాలీ వాళ్ళకి ఏం నచ్చుతుందో నాకు తెలుసు అంకుల్, మీరు నిశ్చింతగా ఉండండి అన్నాడు.

ఎంపిక ఎలా చేశానంటావా? ద్రోహి యూదా పోయాక అతని చోట అపొస్తలులు మత్తీయను ఎలా ఎన్నుకున్నారు? నీ అరుంధతి గారి ప్రశ్నలు అడిగి ఎన్నుకున్నారా? చీట్లు వేశారు. నేనూ ఉపవాసముండి, ఆదివారం కూడికలో అందరి ముందు ప్రార్థన చేసి, మూడు పేర్లు రాసి, మీ వదిన చేతే తీయించాను. ఆమె నవ్వుతూ తీసింది. ఎడ్విన్ పేరొచ్చింది. కింద వాటా పుష్పరాణి చప్పట్లు కొట్టి పాట ఎత్తుకుంది.

వచ్చే సోమవారం నుంచి పని.

సత్యానందం


అల్లిపురం
జూలై 12

అన్నయ్యా,

చీట్లు వేసిన సంగతి చదివాను. పెంతెకొస్తునాడు ఆత్మ దిగివచ్చాక అపొస్తలులు మళ్ళీ ఒక్కసారైనా చీట్లు వేసినట్టు ఎక్కడుందో నాకు చూపించు. ఆ తర్వాత వాళ్ళు అడిగారు, మాట్లాడుకున్నారు, పోట్లాడుకున్నారు కూడా. అడగడానికి ధైర్యం లేనప్పుడు చీటీ బాగుంటుంది.

ఎడ్విన్ మంచివాడే కావచ్చు. వదినను ఏం చేస్తానన్నాడు? ఆ ఒక్క ముక్క నీ ఉత్తరంలో లేదు. అంటే నువ్వు అడగలేదు. ఆ వసుధ అనే పిల్ల నువ్వు అడగకుండానే జవాబు చెప్పింది, నువ్వు కసిరి పంపేశావు. పైగా చీటీ అంటే ఏమిటో తెలియని మనిషి చేత తీయించి, రేపు ఏదైనా అయితే ఆమే తీసింది అంటావా?

నేను టికెట్టు తీసుకుంటున్నాను. వద్దనకు.

యూనిస్


ఖిదిర్‌పూర్
జూలై 24

చెల్లెలికి వందనములు.

నువ్వు రావద్దు. ఇల్లంతా రంగు వాసన, నీకు ఆయాసం. ఇక్కడ అంతా సవ్యంగా ఉంది.

ఎడ్విన్ పని దేవుని కృపవల్ల చక్కగా సాగింది. మా మంచం పోయి దానికంటే ఎత్తుదొకటి వచ్చింది, ఎక్కడానికి చిన్న పీట వేసుకుంటున్నాం. కుర్చీలు, హార్మోనియం గోడౌనుకి వెళ్ళాయి. కూడిక తాత్కాలికంగా పుష్పరాణి ఇంట్లో. గోడకి తెల్ల రంగు రెండు పూతలు కొట్టినా ఓడ రంగు ఊరుకుంటుందా, లోపల్నుంచి అక్షరాలు లీలగా తేలాయి. ఎడ్విన్ బుర్ర గోక్కుని, గంగలో పడవల బొమ్మ పెద్దది తెచ్చి దానిమీద వేలాడదీశాడు. కిటికీలకి లేత రంగు తెరలు. నీళ్ళ బిందె పెట్టే చోట ఒక మొక్క, ముట్టుకుంటే ప్లాస్టిక్కు. పొద్దున వెలుతురు పడితే నిజంగానే బాగుంది, కాదనను. మన ఇల్లు ఇంత పెద్దదా అనిపించింది.

అప్పుడే నలుగురైదుగురు చూసి వెళ్ళారు. ఒక మాస్టారు, ఆయన భార్య రెండోసారి కూడా వస్తామన్నారు.

మీ వదిన బాగానే ఉంది. సోఫా చివర కూర్చుంటోంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరైనా వస్తే లేచి నిలబడుతోంది. టీ ఇస్తే రెండు చేతులతో పుచ్చుకుంటోంది. చాలా మర్యాదగా ఉంటోంది. బాగానే ఉంది.

ఇల్లు అమ్ముడవగానే రాస్తాను.

సత్యానందం


అల్లిపురం
జూలై 31

అన్నయ్యా,

వదిన చాలా మర్యాదగా ఉంటోంది అని రాశావు. వదిన నీతో ఏనాడు మర్యాదగా ఉంది? పెళ్ళయిన కొత్తలో నువ్వు వంటింట్లోకొచ్చి ప్రసంగం మొదలెడితే, "ఏటి, ఇక్కడెవులూ పాపులు లేరు, బైటికి పోయి అరవండి" అని గరిటె చూపించిన మనిషి. నువ్విచ్చిన టీలో పంచదార తక్కువైందని మొహం మీదే చెప్పే మనిషి. ఆమె రెండు చేతులతో టీ పుచ్చుకుంటోందంటే, తనకి ఆ ఇల్లు తెలియడం లేదన్నమాట. ఆమె చుట్టపుచూపుగా వచ్చింది, అన్నయ్యా. నీ ఇంట్లో.

ఒక మాట ఇన్నాళ్ళూ నీకు చెప్పకుండా దాచాను. ఇప్పుడు దాస్తే పాపం.

మొన్న క్రిస్మస్‌కి నేను వచ్చినప్పుడు, నువ్వు ముందు గదిలో వాక్యం చెబుతున్నావు. వంటింట్లో వదిన, నేను. ఆమె తలుపు సందులోంచి నిన్ను చూస్తూ నన్ను గిల్లి, "యూనిసూ, ఆయనెవులే? గొంతు పెద్దదిగానీ మంచోడిలాగే ఉన్నాడు. మద్దినేళ నాకు అన్నం కలిపి పెట్టాడు" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. కాసేపటికి నువ్వు లోపలికి రాగానే, ఏవండీ అంది. వచ్చిన మబ్బు పోయిందిలే అనుకున్నాను. నీకు చెబితే తట్టుకోలేవని, అన్ని పనులు మానేసి ఆమె మొహమే చూస్తూ కూర్చుంటావని చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. అప్పుడైతే ఆమె ఇంకా రోజులో ఎక్కువసేపు నీ మనిషే.

ఇంకొకటి. లోతు భార్య గురించి నువ్వు చెప్పినంత గట్టిగా ఎవరూ చెప్పగా నేను వినలేదు. వదిలి రమ్మన్న ఊరి వైపు వెనక్కి చూసింది, ఉప్పు స్తంభమైందని బల్ల గుద్ది చెబుతావు. ఇల్లు అమ్మి, గదులు కొని, తలెత్తుకుని రావాలని ఆరు నెలలుగా గుమ్మంలో నిలబడిపోయింది ఎవరు? నువ్వు పద అంటే చాలు, పదండి అనేది వదిన. వెనక్కి చూస్తున్నది ఆమె కాదు.

ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయి. పెద్ద మాటలు వద్దు.

యూనిస్


ఖిదిర్‌పూర్
ఆగస్టు 7

యూనిస్,

ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నీ ఉత్తరం చేరేసరికే అంతా అయిపోయింది. శనివారం మాస్టారు, ఆయన భార్య మళ్ళీ వచ్చారు. మీ వదిన సోఫా చివర కూర్చుని ఉంది. మాస్టారి భార్యను చూసి లేచి, ఖూబ్ షుందొర్ బాడీ, ఎంత అందమైన ఇల్లో అని బెంగాలీలో మెచ్చుకుని, మీదేనా తల్లీ అని అడిగింది. ఆ అమ్మాయి నవ్వి, ఔతుందేమో మాషీమా అంది. బేరం అక్కడే కుదిరింది. వాళ్ళను డాబా మీదికి తీసుకెళ్ళి నీళ్ళ ట్యాంకు చూపించాను. మెట్లమీదే బిగ్గరగా స్తోత్రాలు చెప్పుకున్నాను. దిగి వచ్చేసరికి సోఫా చివర ఎవరూ లేరు. ఆమె కూర్చున్న చోట సోఫా గుడ్డ నలిగి ఉంది, అంతే.

తోటలో దేవుడు ఆదామును నీవెక్కడున్నావని పిలిచాడంటే, ఎక్కడున్నాడో తెలియక కాదని ఎన్నోసార్లు బోధించాను. నేను మాత్రం ఎక్కడుందో తెలియకే పిలిచాను. మార్కెట్టంతా, బస్టాండంతా, రమా, రమా అని. పుష్పరాణి ఒకవైపు, కూడిక వాళ్ళు ఒకవైపు. చివరికి పొద్దు వాలుతుండగా గార్డెన్ రీచ్‌లో దొరికింది. మేము పెళ్ళయి వచ్చినప్పుడు కాపురం పెట్టిన లైను గదులు గుర్తున్నాయా? అవి ఎప్పుడో పడగొట్టేశారు, ఇప్పుడు పొడుగాటి గోడ ఉంది. ఆ గోడ ఎదురుగా టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఉంది. కొట్టావిడ మట్టి పిడతలో టీ ఇచ్చినట్టుంది, తాగకుండా చల్లారబెట్టింది.

సమాధి దగ్గర మరియ ఏం చేసింది చెల్లీ? ఎదురుగా నిలబడ్డ ప్రభువునే తోటమాలి అనుకుంది. ఆయన పేరు పెట్టి పిలిచాడు. పిలవగానే తెలిసిపోయింది. ఆ భాగం నేను ఏడవకుండా ఎప్పుడూ చదవలేదు. నేనూ ఆమె ముందు నిలబడి, పేరు పెట్టి పిలిచాను.

ఆమె తలెత్తి చూసింది. "నా పేరు మీకెవులు చెప్పారు, తాతగారూ?" అంది.

నేను సత్యానందాన్ని అన్నాను. ఆమెకు కోపమొచ్చింది. ఆయన పేరు పెట్టుకుని వేళాకోళం ఆడొద్దంది, ఆయనకు కోపమెక్కువంది. షిఫ్టు వదిలే వేళైంది, ఈ యార్డు గేట్లోంచే వస్తారు, వస్తే నాతో పాటు మీకూ తిట్లు పడతాయి అంది. అని కొంగు నిండా కప్పుకుని, నా నుంచి కొంచెం పక్కకు జరిగి కూర్చుంది.

ఎంత బతిమాలినా నాతో రానంది. చివరికి జేబులో వసుధ నంబరుంటే చేశాను. కసిరి పంపిన మనిషిని, ఏ మొహంతో చేశానో తెలియదు. ఆ పిల్ల సాల్ట్ లేక్ నుంచి వచ్చి, ఆమె పక్కన కూర్చుని, చల్లారిన టీ పారబోసి వేడిది ఇప్పించింది. కాసేపటికి ఇద్దరూ చేతులు పట్టుకుని ఆటో ఎక్కారు. నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను.

మా ఫ్లాటు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. పరాయివాళ్ళింట్లో రాత్రి ఉండకూడదంది. పుష్పరాణి ఇంట్లో పడుకుంటోంది.

ఎడ్విన్‌ను పిలిచి అన్నీ మళ్ళీ తెప్పించాను. పాపం వాడూ ఏడ్చాడు. పని జరిగినన్నాళ్ళు ఆంటీ ఇంకెక్కడైనా ఉంటారా అని నేను మొదటిరోజే అడగాల్సింది అంకుల్ అన్నాడు. అడగాల్సింది నువ్వు కాదురా అన్నాను. మంచం, బీరువా, కుర్చీలు, బిందె, ఏది ఎక్కడుండేదో అక్కడే పెట్టాం. పడవల బొమ్మ దించేశాం. నేను నిచ్చెన ఎక్కి ఆ వాక్యం మళ్ళీ ఎర్రగా రాశాను. రాశాక వసుధ ఆమెను తీసుకొచ్చింది.

గోడ ముందు నిలబడింది. చెయ్యి వేయలేదు. నా వైపు తిరిగి, "బాగా రాశారు తాతగారూ. మా ఆయన కూడా అచ్చం ఇలాగే రాస్తారు" అంది.

ఆ రాత్రి నేను ప్రార్థన చేయలేదు.

మాస్టారుకు బేరం వద్దని చెప్పేశాను. ఇల్లు అమ్ముడైనప్పుడు అవుతుంది, కాకపోతే మానె. తాళం వసుధ దగ్గర ఉంచుతున్నాను. నీ వీధిలో నాకు గదులేమీ వద్దు. నీ వసారాలో ఒక మూల చాలు, తల వంచుకునే వస్తాను.

వసుధే టికెట్లు తీసింది. నిన్న హౌరా స్టేషనుకు తీసుకెళ్ళాం. ప్లాట్‌ఫారం మీద మీ వదిన వెనక్కి తిరిగింది. మగడికి చెప్పకుండా ఊరు దాటనంది, పైగా పరాయి మగమనిషి వెంట రైలెక్కడమేమిటంది. వసుధ ఎంత చెప్పినా వినలేదు. పుష్పరాణి చెప్పినా వినలేదు, ఆమె ఎవరో కూడా తెలియదు. రైలు వెళ్ళిపోయింది. తిరిగి వస్తూ ఆటోలో తనే ఒక మాట అంది.

"మా ఆడపడుచు యూనిసు వస్తే ఎల్తాను. దానికి చెప్తే ఆయనకి చెప్పినట్టే."

ఆమెకు ఈ భూమ్మీద ఇంకా మిగిలిన పేర్లలో నాది, నీది ఉన్నాయి. నా పేరు ఉంది, దానికి మనిషే లేడు. నీ పేరుకి నువ్వున్నావు. నీ తల నెరిసింది, ఆమెకు రెండు జడల యూనిసు గుర్తుండొచ్చు. భయపడకు. గుమ్మంలోకి రాకముందే పాట ఎత్తుకో. నీ గొంతు ముసలిదవలేదు. వచ్చి ఆమె చెయ్యి పట్టుకో, పెట్టె నేను మోస్తాను. నన్ను ఎవరని అడిగితే, మనూరి పెద్దాయనే, తోడొస్తున్నాడని చెప్పు. నేను అబద్ధమాడవద్దని బోధించినవాణ్ణే, ఇది అబద్ధం కూడా కాదు. నేను ఆమెకు మళ్ళీ పరిచయమవుతాను. రోజూ అన్నం కలిపి పెడతాను. మంచోడిలాగే ఉన్నాడు అంటే చాలు, నాకు అంతకంటే కిరీటం వద్దు.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. వసుధ ఇప్పుడే ఫోటో తీసి నీ ఫోనుకు పంపుతోంది. ఇన్నేళ్ళుగా జనం ముందు నిలబడి, రేపు నీది కాదు, పిలుపు విన్న ఈ పూటే లేచి రా అని గొంతు చించుకున్నాను. ఎంతమంది లేచారో తెలియదు. నువ్వు లే. అరుంధతి గారికి తాళం ఇవ్వు. బట్టలు సర్దుకుంటూ కూర్చోకు, మీ వదిన చీరలున్నాయి. చెవి మిషను పెట్టుకో, చెప్పులేసుకో, స్టేషనుకు వెళ్ళి, కలకత్తా వైపు ఏ బండి ముందుంటే ఆ బండి ఎక్కు. ఈ పొద్దున కూడా ఆమె నీ పేరు చెప్పింది, నేను విన్నాను. రేపు చెబుతుందో లేదో నాకు తెలియదు.

యూనిస్, బయలుదేరు. ఈ రోజే.